రేకును తినే తుప్పు



మనలో చాలామందివి రేకుల ఇళ్లు. తాటాకు తీసేసి రేకు వేసుకున్నాం. నిప్పు భయం తగ్గింది. ఏటేటా కప్పు నేసే ఖర్చు తప్పింది. కానీ ఇనుప రేకుకు ఒక శత్రువు ఉంది. అదే తుప్పు. మొదట చిన్న ఎర్ర మచ్చలా కనిపిస్తుంది. "పోనీలే" అని ఊరుకుంటాం. కొన్నాళ్లకు అక్కడే చిల్లు పడుతుంది. వాన నీళ్లు మంచం మీదా, బియ్యం డబ్బా మీదా కారతాయి. మచ్చగా ఉన్నప్పుడే ఆపితే తక్కువ ఖర్చుతో పోతుంది. చిల్లు పడ్డాక కొత్త రేకు కొనాలి.

తుప్పు ఎలా పడుతుంది?

ఇనుముకు నీరు, గాలి రెండూ కలిసి తగిలితే తుప్పు పడుతుంది. గాలిలోని ప్రాణవాయువు, నీరు, ఇనుము కలిసి ఎర్ర పొడిగా మారతాయి. ఈ పొడి ఇనుమును గట్టిగా అంటుకుని ఉండదు. పెళ్లలుగా ఊడిపోతుంది. అప్పుడు కింది ఇనుము బయటపడుతుంది. దానికీ తుప్పు పడుతుంది. ఇలా లోపలికి తినుకుంటూ పోతుంది.

ఇది మీరే చేసి చూడవచ్చు. మామూలు ఇనుప మేకులు 3 తీసుకోండి. గుడ్డతో బాగా తుడవండి. ఒక మేకును పొడి సీసాలో వేసి మూత బిగించండి. రెండోదాన్ని గ్లాసులో మంచినీళ్లలో సగం మునిగేలా ఉంచండి. మూడోదాన్ని ఉప్పు నీళ్లలో అలాగే ఉంచండి. కొద్ది రోజులు ఆగి చూడండి. పొడి సీసాలో మేకు బాగానే ఉంటుంది. నీళ్లలోవి రెండూ ఎర్రబడతాయి. ఉప్పు తుప్పును తొందర పెడుతుంది. అందుకే ఉప్పాడలాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో రేకులు త్వరగా చెడిపోతాయి. అక్కడి గాలిలోనే ఉప్పు ఉంటుంది.

జింకు రేకు అంటే ఏమిటి?

ఇనుప రేకుకు రెండు వైపులా జింకు అనే లోహాన్ని పూత పూస్తారు. అదే జింకు రేకు. ఆ పూత గాలినీ, నీటినీ ఇనుము దాకా రానివ్వదు. రేకు మీద చిన్న గీత పడినా జింకు ముందు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. జింకు అంతా అయిపోయాక ఇనుము వంతు వస్తుంది. పూత ఎంత మందంగా ఉంటే రేకు అన్నాళ్లు నిలుస్తుంది.

కొనేటప్పుడు "జింకు ఎన్ని గ్రాములు?" అని అడగండి. ఒక చదరపు మీటరు రేకుకు, రెండు వైపులా కలిపి, ఎంత జింకు ఉందో గ్రాముల్లో చెబుతారు. 120 గ్రాముల కంటే 275 గ్రాముల పూత ఎక్కువ కాలం ఉంటుంది. చాలా రేకుల మీద ఈ అంకె అచ్చు వేసి ఉంటుంది. మీరే చదివి చూసుకోండి. సముద్రం దగ్గర ఉండేవాళ్లు ఎక్కువ పూత ఉన్నదే తీసుకోవాలి.

తుప్పు ఎక్కడ మొదలవుతుంది?

తడి ఎక్కడ నిలుస్తుందో అక్కడే.

- బోల్టులు బిగించిన చిల్లుల దగ్గర.
- రేకు మీద రేకు ఎక్కిన చోట.
- ఆకులు, చెత్త పేరుకున్న చోట.
- గాలికి లేవకుండా పెట్టిన రాళ్లు, టైర్లు, తడి గోనెల కింద.
- ఉప్పు చేపలు ఎండబెట్టిన చోట.

చేపలను రేకు మీద కాకుండా వల మీద, పందిరి మీద ఎండబెట్టండి. ఎరువుల సంచులు రేకు మీద ఆరేయవద్దు. కొత్త రేకులు తెచ్చి వెంటనే వేయకపోతే పొడి చోట ఏటవాలుగా నిలబెట్టండి. ఒకదాని మీద ఒకటి తడిగా పడేస్తే తెల్ల పొడి వస్తుంది. అది జింకు పాడవుతున్న గుర్తు.

మచ్చ కనిపిస్తే ఏం చేయాలి?

వానలు మొదలు కాకముందు ఒకసారి, వానలు పోయాక ఒకసారి రేకులు చూడండి. ఎండ ముదరకముందే పని చేయండి. ఎండకు కాలిన రేకు మీద రంగు నిలవదు. చేతులూ కాలతాయి.

1. చెత్త తీసి, మంచినీళ్లతో కడగండి. ఉప్పు పోవాలి. బాగా ఆరనివ్వండి.
2. ఇనుప తీగల బ్రష్షుతో గాని, గరుకు కాగితంతో గాని తుప్పు రాలిపోయేదాకా గీకండి. పొడి గుడ్డతో తుడవండి.
3. ఆ రోజే ప్రైమరు పూయండి. మచ్చ చుట్టూ ఇంకో 2 వేళ్ల మేర పూయాలి. దుకాణంలో "జింకు రేకుకు పట్టే ప్రైమరు" అని అడగండి.
4. అది ఆరాక పైరంగు 2 సార్లు పూయండి. ఎంతసేపు ఆరాలో డబ్బా మీద రాసి ఉంటుంది. చదవండి.

తుప్పు మీదే రంగు వేస్తే లాభం లేదు. లోపల తుప్పు తింటూనే ఉంటుంది. రంగు పెళ్లలుగా లేస్తుంది. వేలితో నొక్కితే రేకు లొంగినా, చిల్లు పడినా ఇక రంగు పనికిరాదు. ఆ రేకు మార్చాల్సిందే.

బోల్టులను మరిచిపోకండి. తుప్పు పట్టిన బోల్టుకు పట్టు ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. ఎన్నో ఇళ్ల రేకులు గాలికి లేచిపోయాయి. ఎగిరే రేకు కత్తిలాంటిది. మనిషి ప్రాణం తీస్తుంది. తుప్పు బోల్టు తీసేసి, జింకు పూత ఉన్న బోల్టు, వాషరుతో సహా వేయించండి.

జాగ్రత్తలు

తుప్పు పట్టిన రేకు మీద అడుగు వేయవద్దు. వాసాల మీదుగా పలక వేసి దాని మీద నిలబడాలి. నిచ్చెన పట్టుకోవడానికి ఇంకొకరు ఉండాలి. ముందే కరెంటు ఆపేయండి. కరెంటు తీగ రేకుకు తగులుతుంటే రేకును ముట్టుకోవద్దు, కరెంటు పనివాళ్లను పిలవండి. రేకు కోసుకుంటే సబ్బుతో కడిగి ఆస్పత్రికి వెళ్లండి. ధనుర్వాతం సూది అవసరమో లేదో వాళ్లు చెబుతారు. సిమెంటు రేకులను మాత్రం గీకవద్దు. వాటికి తుప్పు పట్టదు. చాలా సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

మొక్కై వంగనిది మానై వంగదంటారు. తుప్పు సంగతీ అంతే. ఈ ఆదివారం మీ ఇంటి రేకు ఒకసారి చూడండి.

చదివి చెప్పండి

1. తుప్పు పట్టడానికి ఏ రెండూ కావాలి?
2. మీ ఇంటి రేకు మీద తడి ఎక్కడ నిలుస్తోంది?
3. తుప్పు గీకకుండా రంగు వేస్తే ఏమవుతుంది?