బర్నబా చేసిన మేలు

సౌలు మారుమనస్సు పొంది యెరూషలేముకు వచ్చినప్పుడు శిష్యులు అతణ్ని నమ్మలేదు. సంఘాన్ని హింసించినవాడు కదా అని భయపడ్డారు. బర్నబా మాత్రం అతణ్ని చేరదీసి, అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లి, దమస్కు దారిలో జరిగినదంతా వివరించాడు (అపొ.కా. 9:27). తర్వాత అంతియొకయలో పరిచర్య పెరిగినప్పుడు తార్సు దాకా వెళ్లి సౌలును వెదికి తీసుకొచ్చాడు. ఏడాదిపాటు అతనితో కలిసి పనిచేశాడు (11:25,26). అపొస్తలులు అతనికి ఆదరణ పుత్రుడనే పేరు ఊరికే పెట్టలేదు!

నేటి ఉద్యోగ సలహాదారులు చేసేదీ ఇంచుమించు ఇదే. మనిషిలోని సామర్థ్యాన్ని గుర్తిస్తారు. బయోడేటా సరిచేస్తారు, ఇంటర్వ్యూలో మాట్లాడే తీరు నేర్పుతారు, ఖాళీలెక్కడున్నాయో చూపిస్తారు. చదువు మధ్యలో ఆగినవారికి, పిల్లల కోసం కొన్నేళ్లు ఉద్యోగం మానుకున్న తల్లులకు ఈ తోడ్పాటు మరీ అవసరం. తమకేమీ రాదనుకునేవారికి తమకు వచ్చిన పనులేమిటో గుర్తుచేయడమే సగం సాయం.

నిరుద్యోగి కనబడగానే కొందరు పౌలు మాటను అప్పగిస్తారు. కానీ థెస్సలొనీకయులకు అతడు రాసింది పనిచేయడానికి ఇష్టపడని వారి గురించి (2 థెస్స. 3:10), పని దొరకని వారి గురించి కాదు. ద్రాక్షతోట ఉపమానంలో సాయంత్రం దాకా ఖాళీగా నిలబడినవారు తమనెవరూ పనిలో పెట్టుకోలేదని చెప్పినప్పుడు యజమాని వారిని సోమరులని నిందించలేదు, తోటలోకి పంపాడు (మత్తయి 20:6,7).

ఇంకా ఖాళీయేనా అన్న ప్రశ్నకు జడిసి ఆరాధన ముగియకముందే గుడి దాటిపోయే యువకులు మన మధ్య ఉన్నారు. వారి కోసం ప్రార్థిద్దాం. అంతటితో సరిపెట్టుకోవద్దు. సంఘంలో ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, వ్యాపారులు, మేస్త్రీలు ఉన్నారు. నెలకో ఆదివారం మధ్యాహ్నం వారు యువతతో కూర్చుంటే చాలు. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్‌లో పేరు ఉచితంగా నమోదు చేసుకోవచ్చని చెప్పవచ్చు. విదేశీ ఉద్యోగమంటూ డబ్బు అడిగే ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో కనుక్కొని పెట్టవచ్చు.

చెరసాల నుంచి బయటపడిన పానదాయకుల అధిపతి యోసేపును రెండేళ్లు మరచిపోయాడు (ఆది. 40:23, 41:1). ఉద్యోగాల్లో కుదురుకున్న మనం అలా మరచిపోకూడదు. ఈ వారమే ఒక్కరి పేరు ఎవరి దగ్గరైనా ప్రస్తావిద్దాం.