కారు మొరాయిస్తోందా? పెట్రోలు ప్రెషర్ చూపించండి!

గ్యాస్ సరిగా అందకపోతే స్టవ్ మంట నీరసించినట్టే, పెట్రోలు ప్రెషర్ తగ్గితే కారూ నీరసిస్తుంది. చాలా ఇంజెక్షన్ కార్లలో ఇది సుమారు 3 నుంచి 4 బార్లు ఉండాలి. పంపు బలహీనపడినా, ఫిల్టరు మూసుకుపోయినా తగ్గుతుంది. అప్పుడు పొద్దున్నే కారు ఓ పట్టాన స్టార్టవ్వదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసపడుతుంది. రెగ్యులేటరు పాడై ప్రెషర్ పెరిగితేనో? నల్లపొగ, మైలేజీ పడిపోవడం! రెండూ ఇంజనుకు చేటే.

ట్యాంకు అడుగంటేదాకా నడపకండి. అందులోని పంపును చల్లగా ఉంచేది పెట్రోలే. మెకానిక్ "పంపు పోయిందమ్మా" అంటే, ముందు గేజి పెట్టి చూడమనండి. ఫిల్టరు మారిస్తేనే సరిపోవచ్చు, మీకు వేల రూపాయలు మిగలొచ్చు. పెట్రోలు వాసన గుప్పుమంటే మాత్రం వెంటనే ఇంజను ఆపి, అందరూ దిగిపోండి.