గృహరుణం మార్పు... ఎప్పుడు? ఎలా?
ఇల్లు కొన్న వెంటనే మార్చుకునే వీలున్నా లెక్క చూసుకోవడం మేలు

జగ్గయ్యపేట, నందిగామ: ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టిన ఇంటికి ఇరవై ఏళ్లు వాయిదాలు చెల్లించి చూడమంటోంది నేటి కాలం. 2022 ఏప్రిల్‌లో కృష్ణా నుంచి విడివడి ఎన్టీఆర్‌ జిల్లాలో చేరిన ఈ మెట్ట ప్రాంతంలో సిమెంటు కర్మాగారాల ఉద్యోగులు, ఉపాధ్యాయులు, చిరువ్యాపారులు, పత్తి, మిర్చి రైతులు అప్పు చేసి సొంతింటివారవుతున్నారు. ఆదాయపు పత్రాలు సరిగా లేనివారు, బ్యాంకు తిరస్కరించినవారు ఎక్కువ వడ్డీకైనా గృహరుణ సంస్థలను ఆశ్రయిస్తున్నారు. గృహప్రవేశం ముగిసి నాలుగు వాయిదాలు కట్టేసరికి, పక్క బ్యాంకులో వడ్డీ తక్కువని తెలుస్తుంది. అప్పును అక్కడికి మార్చుకోవచ్చా, ఎన్నాళ్లు ఆగాలి అన్న సందేహం అప్పుడే మొదలవుతుంది.

వడ్డీలో తేడా ఎందుకు?
2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే చర వడ్డీ గృహరుణాలను రెపో వంటి బయటి ప్రామాణిక రేటుతో ముడిపెట్టడం తప్పనిసరైంది. రెపో రేటు 2025లో నాలుగు విడతలుగా 6.50 శాతం నుంచి 5.25 శాతానికి దిగింది. దానితో ముడిపడిన రుణాలపై వడ్డీ తగ్గింది. గృహరుణ సంస్థలకు ఈ నిబంధన వర్తించదు. అవి సొంత ప్రామాణిక రేటును అనుసరిస్తాయి. కనుక రెపో తగ్గినా ఆ మేరకు వాటి ఖాతాదారుకు ఊరట దక్కుతుందన్న హామీ లేదు.

చట్టం ఏమంటోంది?
వ్యక్తులు తీసుకున్న చర వడ్డీ గృహరుణాన్ని ముందే తీర్చితే జరిమానా వసూలు చేయరాదని బ్యాంకులను రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించింది. గృహరుణ సంస్థలకు జాతీయ గృహనిర్మాణ బ్యాంకు 2011లోనే ఇటువంటి ఉత్తర్వు ఇచ్చింది. 2025 జులైలో రిజర్వు బ్యాంకు మరింత స్పష్టతనిచ్చింది. 2026 జనవరి 1 నుంచి మంజూరైన లేదా పునరుద్ధరించిన రుణాలకు, సొమ్ము ఎక్కడి నుంచి తెచ్చి కట్టినా, కనీస గడువు ఏదీ లేకుండానే ఈ రక్షణ వర్తిస్తుంది. అంటే ఇల్లు కొన్న మరుసటి నెలలో మారినా పాత సంస్థ జరిమానా వేయరాదు.

స్థిర వడ్డీ రుణాలకు ఈ వెసులుబాటు లేదు. ఒప్పందంలో రాసుకున్న రుసుము చెల్లించవలసిందే. మొదట కొన్నేళ్లు స్థిర వడ్డీ, ఆపై చర వడ్డీ ఉండే రుణమైతే, తీర్చే నాటికి ఏ వడ్డీ నడుస్తోందన్నదే ప్రమాణం.

అడ్డంకి కొత్త బ్యాంకు వద్దే
పాత సంస్థ వదిలినా కొత్త బ్యాంకు స్వీకరించాలి కదా! సాధారణంగా బ్యాంకులు ఆరు నెలల నుంచి ఏడాది వరకు వాయిదాలు తప్పకుండా చెల్లించిన చరిత్రను చూస్తాయి. ఒక్క వాయిదా వెనక్కు వెళ్లినా సిబిల్‌ నివేదికలో కనిపిస్తుంది. పంట అమ్మితేగాని చేతికి డబ్బు రాని రైతు కుటుంబాలు, వాయిదా తేదీకి ఖాతాలో సొమ్ము ఉండేలా ముందే జాగ్రత్తపడాలి. నిర్మాణంలో ఉన్న ఇంటి విషయంలో నిర్మాణం పూర్తయి, రుణం మొత్తం విడుదలయ్యే వరకు ఆగమనే బ్యాంకులు ఎక్కువ.

మరో చిక్కు దస్తావేజులది. గృహరుణ సంస్థ అంగీకరించిన గ్రామకంఠం స్థలాన్ని గానీ, అనుమతి లేని లేఅవుట్‌లోని ఇంటిని గానీ బ్యాంకు న్యాయవాది అంగీకరించకపోవచ్చు. లింకు దస్తావేజులు, ప్లాను అనుమతి, ఈసీ ముందుగా చూపించి, ఆ తర్వాతే ప్రాసెసింగ్‌ రుసుము కట్టడం ఉత్తమం.

లెక్క ఇదీ...
ఇంకా 20 లక్షల అసలు, 20 ఏళ్ల గడువు మిగిలి ఉన్నాయనుకుందాం. 9.5 శాతం వడ్డీకి నెలసరి వాయిదా సుమారు రూ.18,643. అదే 8 శాతానికి రూ.16,729. నెలకు రూ.1,914 చొప్పున గడువు ముగిసేసరికి దాదాపు రూ.4.59 లక్షలు మిగులుతాయి. ప్రాసెసింగ్‌, న్యాయ సలహా, ఇంటి విలువ మదింపు, తనఖా పత్రపు స్టాంపు, రిజిస్ట్రేషన్‌ ఖర్చులన్నీ కలిపి రూ.30 వేలు అయినా పదహారు నెలల్లో తిరిగి వస్తాయి.

అదే 6 లక్షల అసలు, అయిదేళ్ల గడువే మిగిలిందనుకుంటే, అదే వడ్డీ తేడాకు నెలకు మిగిలేది రూ.435 మాత్రమే. అయిదేళ్లకు రూ.26 వేల చిల్లర. ఖర్చు కూడా రాదు. తొలి ఏళ్లలో వాయిదాలో అధిక భాగం వడ్డీకే పోతుంది. అందువల్ల మారదలచినవారు తొలి ఏళ్లలోనే మారాలి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి
* ముందుగా ప్రస్తుత సంస్థనే వడ్డీ తగ్గించమని లిఖితపూర్వకంగా కోరాలి. స్వల్ప రుసుముతో అక్కడే పని జరిగితే బదిలీ శ్రమ ఉండదు.
* వాయిదా తగ్గిందని సంబరపడరాదు. మిగిలిన 17 ఏళ్ల గడువును మళ్లీ 25 ఏళ్లకు పెంచితే వాయిదా తగ్గినా మొత్తం వడ్డీ పెరగవచ్చు. పాత గడువుకే కొత్త వాయిదా లెక్క కట్టించుకోవాలి.
* బదిలీతోపాటు అదనపు రుణం ఇస్తామన్నా, అవసరం లేకుంటే తీసుకోరాదు.
* 2024 సెప్టెంబరులో మొదలైన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్‌ యోజన రెండో దశలో వడ్డీ రాయితీ గరిష్ఠంగా రూ.1.80 లక్షలు అయిదు వార్షిక విడతల్లో వస్తుంది. ఈ రాయితీ పొందుతున్నవారు మిగిలిన విడతల సంగతి బ్యాంకులో తేల్చుకోనిదే రుణం మార్చరాదు.

దస్తావేజులు ఇవ్వకుంటే?
అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగి ఇచ్చి, తనఖా నమోదును తొలగించాలి. తమ వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 చొప్పున రుణ సంస్థే పరిహారం చెల్లించాలి. 2023 డిసెంబరు 1 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. బదిలీలో దస్తావేజులు నేరుగా కొత్త బ్యాంకుకు వెళ్తాయి కనుక వాటి జాబితా నకలును రుణగ్రహీత తన వద్ద ఉంచుకోవాలి. తర్వాత ఈసీ తీయించి పాత తనఖా తొలగిందో లేదో చూసుకోవాలి. బ్యాంకుకు ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో జవాబు రాకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. వివరాలకు 14448 నంబరుకు ఫోన్‌ చేయవచ్చు.