అరసవల్లి యాత్రికుని మకాము

అరసవల్లి సూర్యనారాయణస్వామిని సేవింప బోవువారిలో పెక్కుమంది ఉదయమున పోయి మధ్యాహ్నమునకు మరలివత్తురు. సాధారణ దినములలో అందుకు కొరత యేమియు లేదు. ఆలయము శ్రీకాకుళము పట్టణమునకు ఆనుకొనియే యున్నది. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగినవారికి బస్సులు కలవు. కాని యీ క్షేత్రమునందు విశేషమనదగినదంతయు తెల్లవారుజామున జరుగును. అందుచేత రాత్రి యెక్కడ తల దాచుకొనవలెనను ప్రశ్న ఇచ్చట మిక్కిలి ముఖ్యమైనది. తరతరములుగా మనవారు ఆ ప్రశ్నకు ఏమి సమాధానము కల్పించుకొనిరో కొంచెము చెప్పదలచితిమి.

ముందుగా వేకువ సంగతి. ఏడాదిలో రెండుమారులు, మార్చి 9, 10, 11 తేదీల ప్రాంతమునను, అక్టోబరు 1, 2, 3 తేదీల ప్రాంతమునను, ఉదయకిరణములు ఆలయద్వారములను దాటి గర్భగుడిలోని స్వామి పాదములను తాకును. ఆ వెలుగు నిలుచునది కొద్ది నిమిషములు మాత్రమే. ఈ రెండు తేదీలకు గల సంబంధమును తెలిసికొనుట కష్టము కాదు. సూర్యుడు సరిగా తూర్పున ఉదయించునది మార్చి 20, సెప్టెంబరు 23 ప్రాంతములందే. సెప్టెంబరు దాటిన పిమ్మట ఉదయస్థానము దినదినమును దక్షిణమునకు జరిగి, డిసెంబరు 21 నాటికి కొస ముట్టి, మరల ఉత్తరమునకు తిరుగును. కావున దారిలోని ప్రతి చోటికిని ఒకమారు పోవునప్పుడు, ఒకమారు వచ్చునప్పుడు తగులును. అక్టోబరు 2కును డిసెంబరు 21కిని నడుమ 80 దినములు. అచటినుండి మార్చి 10కి 79. ఈ రెండు సమయములందును సూర్యుడు తూర్పునకు సుమారు 4 డిగ్రీలు దక్షిణముగా ఉదయించుచుండును. వాకిలిని ఆ వైపునకు తీర్చినవారు ఆకాశమును ఏండ్ల తరబడి కనిపెట్టి చూచినవారే కావలెను. ఈ గుడిని కళింగ గాంగరాజైన దేవేంద్రవర్మ 7వ శతాబ్దమున కట్టించెనని చెప్పుదురు.

అయితే ఆకాశము మన తిథులకు కట్టుబడదు. మార్చి ఉదయములు తరచుగా నిర్మలముగా నుండును. అక్టోబరు మాత్రము ఈ తీరమున మబ్బుల నెల, తుపానుల నెల. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ జిల్లాను ఎంత క్రూరముగా కొట్టినదో మరచిపోరాదు. కావున కిరణదర్శనమునకై దూరమునుండి వచ్చువారు ఒక రాత్రితో సరిపెట్టుకొనక, రెండు రాత్రులకు ఏర్పాటు చేసికొనుట మేలని మా అభిప్రాయము. రథసప్తమినాడు సంగతి వేరు. ఆనాడు అర్ధరాత్రియే క్షీరాభిషేకముతో సేవలు మొదలగును గనుక, గదికి డబ్బు చెల్లించినవారును వరుసలోనే జాగరణ చేయుదురు!

పూర్వకాలపు యాత్రికునకు రెండు దిక్కు లుండెడివి: ఒకటి సత్రము, రెండవది పూటకూళ్ల యిల్లు. సత్రము ధర్మమునకు వెలసినది. దాత యెవరో భూమి వ్రాసియిచ్చును. దాని ఆదాయముపై దీపము, నీరు, కొన్నిచోట్ల అన్నము నడచును. సాధారణముగా మూడు దినములకు మించి ఉండనీయరు. లేనిచో బాటసారులకు కట్టిన యింట బంధువులు కాపురము పెట్టుదురు గదా! ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31 సంవత్సరములలో కాశికి పోయి, మరలివచ్చునప్పుడు జగన్నాథము మీదుగా ఈ సీమను దాటిరి. దిగుటకు తావు కలదా, నీరు ఎట్టిది, అంగళ్లలో సామానులు దొరకునా యని మజిలీ మజిలీకి ఆయన వ్రాసిపెట్టిన మాటలు చూచినచో, ఆనాటి ప్రయాణము ఈ చిన్న విషయములపై ఎంతగా ఆధారపడెనో తెలియును.

పూటకూళ్ల యిల్లు ధర్మము కాదు, వ్యాపారము. కూళ్లు అనగా కూడు అను మాటకు బహువచనము. పూటకింత యని పైకమిచ్చి భుజించుట. ఓరుగంటిలో ఒక రూకకు దొరకిన అట్టి భోజనమును క్రీడాభిరామము రుచిగా వర్ణించినది. అన్నిటికంటె ప్రసిద్ధమైన పూటకూళ్ల యిల్లు మాత్రము మన విజయనగరములోనిదే. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున గిరీశము తిని, నివసించి, బాకీ పెట్టిన యిల్లది. 1892లో ఆ నాటకమును చూచినవారికి ఆ వితంతువు వింత మనిషి కాదు. దిక్కులేని స్త్రీకి తన వంటచేతితో గౌరవముగా బ్రతుకుటకు ఆనాడున్న కొద్ది మార్గములలో అదియొకటి. లోకము ఆమె వంటను మెచ్చుకొనుచునే ఆమెపై నిందలు మోపెడిది.

ఈ రెండు చోట్లను అందరికిని తావు లేదనుట దాచరాని సత్యము. చాల సత్రములలో వంటయిండ్లు, వరండాలు కులమును బట్టి వేరు. కొందరికి ప్రవేశమే లేదు. అట్టివారు స్వామిని చూడవచ్చినచో చెట్టు నీడయే సత్రము. గుడిలోనికి పోవు హక్కును మద్రాసు రాష్ట్రమున 1947 నాటి చట్టము నిచ్చినది. 1950లో రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసెను. 1955 నాటి చట్టము హోటళ్లతోపాటు ధర్మశాలను, సరాయిని, ముసాఫరుఖానాను పేరుపేరున చెప్పి, అట్టి చోట్ల తావు నిరాకరించుట నేరమనెను. గుడి తలుపు తెరచినంత మాత్రమున యాత్ర పూర్తి కాదు, రాత్రికి పడక కావలెనని ఆ చట్టము వ్రాసినవారికి తెలియును.

నేడు శ్రీకాకుళమున లాడ్జీలు కలవు. హోటలనగా భోజనశాల, లాడ్జి యనగా పడక యని మనవారు ఆ రెండు మాటలను పంచుకొనిరి. పూటకూళ్ల యింటి రెండు పనులును అట్లు వేరుపడినవి.

రెండు రాత్రులుండువారు నడుమ దొరకిన దినమును సముద్రమునకు కేటాయించుట మంచిది. వంశధార సముద్రమున కలియుచోట కళింగపట్నము కలదు. ఒకప్పుడు ఓడలాగిన రేవది. ఇప్పుడు దీపస్తంభము, ఇసుక, జాలరుల పడవలు. త్రోవలో శాలిహుండము కొండపై బౌద్ధస్తూపముల శిథిలములను చూడవచ్చును. ఏటిమొగ దగ్గర నీటి ఒరవడి మోసపుచ్చును గనుక పిల్లలను అచట స్నానమునకు దింపకుడు. సూర్యోదయమును నీటిపై చూడగోరినచో ఆ రాత్రి కళింగపట్నము వైపుననే మకాము చేయవలెను. స్వామి పాదములపై చూడగోరినచో అరసవల్లి విడిచిపోరాదు; చీకటి యుండగనే వరుసలో నిలువవలెను.