ఇంటి ముందు నల్లని వాకిలి

డ్రైవ్‌వే అన్న మాటకు తెలుగులో సరైన పదం లేదు. వాకిలి అందామంటే అది కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టుకునే చోటు. అమెరికాలో ఇల్లు కొనే తెలుగువారు గుమ్మం ఏ దిక్కున ఉన్నదో, బడి ఎటువంటిదో, వంటగది ఎంత విశాలమో శ్రద్ధగా విచారిస్తారు. వీధి నుండి గరాజు వరకు సాగే ఆ నల్లని పట్టీని గురించి మాత్రం అడిగేవారు అరుదు. పొలాల నడుమ వెలిసే కొత్త కాలనీలలో ప్రాణానికీ నీటికీ కూడా ముప్పు తేగలిగినది ఆ పట్టీయే.

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో 1990లో సుమారు 6 వేల జనాభా ఉండేది. 2020 నాటికి అది 2 లక్షలు దాటింది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఇటువంటి చోట్ల చేలు ఇళ్ళుగా మారేముందు సాధారణంగా స్థానిక ప్లానింగు సంఘం బహిరంగ విచారణ జరుపుతుంది. అక్కడ చూపే పటంలో డ్రైవ్‌వేలు సన్నని గీతలు మాత్రమే. వాటిని సులువుగా చెరిపి మళ్ళీ గీయడానికి వీలున్నది అప్పుడే.

ముందుగా భద్రత సంగతి. ఎదుట అడ్డంకిని గుర్తించి బ్రేకు తొక్కడానికి 2.5 సెకన్లు పడుతుందని రహదారి ఇంజనీర్లు లెక్కకట్టుకుంటారు. దానిని కలుపుకుని, గంటకు 45 మైళ్ళ వేగంతో వచ్చే కారు ఆగడానికి 360 అడుగులు, 55 మైళ్ళ వేగంతో వచ్చేదానికి 495 అడుగులు కావాలి. వేగం 10 మైళ్ళే పెరిగినా దూరం 135 అడుగులు పెరగడానికి కారణం, బ్రేకు పడిన తరువాత కారు సాగే దూరం వేగపు వర్గాన్ని అనుసరించి ఉండడమే. పల్లె రోడ్డు మిట్ట దాటితేగాని కనిపించని చోట, 300 అడుగుల దూరంలోనే డ్రైవ్‌వే పెడితే చోదకుడు ఎంత జాగరూకుడైనా ప్రయోజనం లేదు.

రెండవది వెనుకకు నడపడం. కార్లు వెనుకకు వస్తూ ఢీకొనడం వలన ఏటా సగటున 210 మంది మరణిస్తున్నారనీ, వారిలో 31 శాతం 5 ఏళ్ళలోపు పిల్లలేననీ అమెరికా రహదారి భద్రతా సంస్థ 2014లో తెలిపింది. 2008 నాటి చట్టం ఫలితంగా 2018 మే నుండి కొత్త కార్లన్నిటికీ వెనుక కెమెరా తప్పనిసరి అయింది. అయినా ఇంటి వద్దనే కారు తిప్పుకుని ముందుకు నడిపి రోడ్డెక్కే ఏర్పాటుకు కెమెరా ప్రత్యామ్నాయం కాదు.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. కారు తిప్పుకునే జాగా కావాలంటే మరికొంత నేల తారు కిందికి పోతుంది. 1,000 చదరపు అడుగుల తారు మీద 1 అంగుళం వాన కురిస్తే 620 గ్యాలన్లకు పైగా నీరు పడుతుంది. 60 ఇళ్ళకైతే 37 వేల గ్యాలన్లు. చేనుగా ఉన్నప్పుడు అందులో చాలా భాగం ఇంకేది. ఇప్పుడు అది డ్రైవ్‌వే మీది సమస్తాన్నీ కడిగి వాగులో కలుపుతుంది.

ఆ సమస్తంలో ముఖ్యమైనది, కొన్నేళ్ళకొకసారి డ్రైవ్‌వేకి పూసే నల్లని పూత. అమెరికా వారి కళ్ళాపి అనవచ్చు! ఈ పూతలు రెండు రకాలు: పెట్రోలియం నుండి వచ్చే ఆస్ఫాల్టుతో చేసినది ఒకటి, కోల్ తార్‌తో చేసినది మరొకటి. తెలుగులో రెండిటినీ తారు అనే అంటాము గాని రసాయనికంగా ఇవి వేరు. ఉక్కు పరిశ్రమకై బొగ్గును కోక్‌గా మార్చేటప్పుడు పుట్టే ఉపపదార్థం కోల్ తార్. విశాఖ ఉక్కు కర్మాగారంలోనూ ఇది పుడుతుంది. కొన్ని బెంజీన్ వలయాలు అతుక్కుని ఏర్పడే పి.ఎ.హెచ్. అనే పదార్థాలు దీనిలో మెండు. వాటిలో కొన్ని కేన్సర్ కారకాలు. ఆస్ఫాల్టు పూతలో ఇవి కిలోకు సుమారు 50 మిల్లీగ్రాములైతే, కోల్ తార్ పూతలో 50 వేలు.

ఆస్టిన్ నగర పార్కింగు స్థలాలపై 2005లో వెలువడిన పరిశోధనలో, కోల్ తార్ పూసిన చోట్ల నుండి కొట్టుకుపోయే రేణువులలో పి.ఎ.హెచ్.లు పూత లేని చోట్ల కంటే 65 రెట్లు ఎక్కువని తేలింది. 2006 జనవరి నుండి ఆ నగరం కోల్ తార్ పూతను నిషేధించింది. ఆ తరువాత అక్కడి లేడీ బర్డ్ సరస్సు అడుగు మట్టిలో వీటి మోతాదు 58 శాతం తగ్గినట్లు 2014లో ప్రకటించారు. పూత పొడి ఇళ్ళలోనికీ చేరుతుంది. చెప్పులు గుమ్మం బయట విడిచే మన ఆచారానికి ఇదొక శాస్త్రీయ సమర్థన.

ఉత్తర రాష్ట్రాలవారు మంచు కరగడానికి చల్లే ఉప్పునూ మరువరాదు. క్లోరైడును మన్ను పట్టి ఉంచదు. అది బావి నీటిని చేరగలదు.

ఇంత చెప్పుకున్నా, తారు తగ్గించే పేరిట కారు తిప్పుకునే జాగాను వదులుకోవడం తగదు. తగ్గించవలసినవి డ్రైవ్‌వేల వెడల్పు, సంఖ్య. రెండేసి ఇళ్ళకు ఒకే ప్రవేశం ఇవ్వవచ్చు. తిరిగే చోట నీరు ఇంకే ఇటుకలు పరచవచ్చు. ప్రధాన రహదారి మీదికి ఒక్కొక్క ఇంటికీ దారి తీయక, లోపలి వీధి ద్వారా ఒకే చోట కలపవచ్చు. కోల్ తార్ పూత కూడదని కాలనీ నిబంధనలలో ముందే వ్రాయించవచ్చు. పూత డబ్బా వివరపత్రంలో 65996-93-2 అనే సంఖ్య ఉంటే అది కోల్ తార్ పిచ్ అని గ్రహించాలి.