వాగు ఎర్రబడితే చేప ఎందుకు ఎదురెక్కుతుంది?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అంటారు. ఆ ఎండలు తగ్గుముఖం పట్టే వేళ, జూన్ 8వ తేదీ ప్రాంతంలో, మృగశిర కార్తె ప్రవేశిస్తుంది. తెలంగాణ పల్లెల్లో దీన్ని 'మిరుగం' అంటారు. మిరుగం నాడు చేపల కూర తినడం ఇక్కడి ఆచారం. తినేవారికి అది పండుగ రోజు. చేపలు పట్టేవారికి మాత్రం ఏడాదిలోకెల్లా తీరికలేని నెల ఆ రోజుతోనే మొదలవుతుంది. చిత్రమేమిటంటే, చేపలకు కూడా తీరికలేని నెల అదే! ఈ రెండు తొందరలూ ఒకే నెలలో ఎందుకు వచ్చాయి? దానివల్ల వచ్చే చిక్కు ఏమిటి? తెలుసుకుందాం రండి.

ఆదిలాబాద్ జిల్లా 2016లో నాలుగు జిల్లాలుగా విడిపోయింది. ఈ ప్రాంతానికి దక్షిణాన గోదావరి, ఉత్తరాన పెన్‌గంగ, తూర్పున ప్రాణహిత ఉన్నాయి. నడుమ కడెం నది గుట్టల్లో పుట్టి, కుంటాల దగ్గర జలపాతమై దూకి, కడెం జలాశయంలో చేరి, చివరకు గోదావరిలో కలుస్తుంది. ఇక్కడివారు గోదావరిని 'గంగ' అనే పిలుస్తారు. తరతరాలుగా ఈ నీటి మీద బతికే గంగపుత్రులు, ముదిరాజులు మిరుగానికి ముందే వలలు బాగుచేసుకుంటారు. పూర్వం నూలు వలలు ఉండేవి. అవి నీటిలో కుళ్లిపోకుండా తుమ్మ చెక్క కషాయంలో నానబెట్టేవారు. చెక్కలోని టానిన్ అనే పదార్థం నూలును సూక్ష్మజీవుల నుంచి కాపాడేది. ఇప్పుడు నైలాన్ వలలు వచ్చాయి. వాటికి కుళ్లు భయం లేదు.

నీటిని చదివే విద్య

చేపలు పట్టడమంటే వల విసరడమే అనుకుంటాం. కాని అసలు విద్య వలలో లేదు, నీటిని చదవడంలో ఉంది. చల్లని కొండ నదులున్న దేశాలలో ఈకలు, దారం చుట్టిన గాలాన్ని ఈగలా కనిపించేట్టు నీటి మీద ఆడించి ట్రౌట్ చేపలను పడతారు. మాసిడోనియాలో జనం ఎర్ర ఉన్ని, కోడి ఈకలు కట్టి ఇలా చేపలు పడతారని సుమారు 1,800 ఏళ్ల కిందటే ఈలియన్ అనే రచయిత రాశాడు. నేడు ఆ వేటకు వచ్చే యాత్రికులకు దారి చూపే మార్గదర్శకులు కూడా ఉన్నారు. ఏ పురుగు ఏ నెలలో ఎగురుతుందో, చేప ఏ రాయి వెనుక దాగుతుందో చెప్పడం వారి పని. మన కడెం ఒడ్డున వల భుజాన వేసుకున్న పెద్దాయన చదివేది కూడా అటువంటి పాఠమే.

ఆయన తెల్లవారకముందే ఎందుకు బయలుదేరుతాడు? పగలు నీటిమొక్కలు ఎండలో ఆహారం తయారుచేసుకుంటూ నీటిలోకి ప్రాణవాయువును వదులుతాయి. రాత్రి ఆ పని ఆగిపోతుంది. కాని మొక్కలు, చేపలు, సూక్ష్మజీవులు అన్నీ శ్వాసిస్తూనే ఉంటాయి. కనుక తెల్లవారే వేళకు నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. వేడి నీటిలో అది మరీ తక్కువ. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మిల్లీగ్రాములే కరుగుతుంది. అందుకే ఎండాకాలం చివర, వేకువజామున చేపలు పైకి తేలుతాయి. నీటి మీద కదిలే చిన్న చిన్న వలయాలే ఆయనకు గుర్తు.

కొరమట్ట సంగతి వేరు. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ఎంపికైన కొరమీను ఇదే. దీనికి మొప్పలతోపాటు తలలో గాలిని పీల్చుకునే ప్రత్యేకమైన అర కూడా ఉంది. నీటిలో ప్రాణవాయువు ఉన్నా లేకపోయినా అది పైకి వచ్చి గాలి మింగక తప్పదు. అది మింగిన చోటును గమనించి, మళ్లీ ఎక్కడ తేలుతుందో ఊహించగలవాడే నేర్పరి!

ఎర్రనీరు వచ్చిన రాత్రి

మిరుగం తరువాత, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర కార్తె వస్తుంది. గుట్టల మీద గట్టి వాన కురిస్తే వాగులోకి ఎర్రనీరు దిగుతుంది. ఆ రాత్రి ఊళ్లో ఒకటే మాట – "చేపలు ఎక్కుతున్నాయి!"

నిజంగానే చేపలు ప్రవాహానికి ఎదురీదుతూ పైకి వస్తాయి. బొచ్చె, రవ్వు, మోసు అనే పెద్ద చేపలు నిలువ నీటిలో పెరుగుతాయి గాని, మామూలుగా అక్కడ గుడ్లు పెట్టవు. కొత్తనీరు చల్లగా తగలాలి, ప్రవాహం ఒంటికి ఒరుసుకోవాలి. అప్పుడు ఆ కబురు నరాల ద్వారా మెదడుకు చేరుతుంది. మెదడు కింద ఉండే పీయూష గ్రంథి కొన్ని హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. వాటి ప్రభావంతో గుడ్లు పరిపక్వమవుతాయి. ఆడచేప లోతులేని మునక నేలల్లో గుడ్లు వదులుతుంది. మగచేప వాటి మీద తెల్లని బీజద్రవాన్ని చల్లుతుంది. 15 నుంచి 20 గంటల్లో పిల్లలు బయటకు వస్తాయి. వాటి పొట్ట కింద చిన్న సొన సంచి ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు అదే వాటి సద్దిమూట.

ఒక చేపా, నాలుగు వందల చేపలా?

చిక్కు ఇక్కడే వచ్చింది. ఎదురెక్కే చేపను పట్టడం చాలా తేలిక. ఇరుకు వాగులో వల అడ్డం కడితే చాలు. కాని ఆ చేప కడుపునిండా గుడ్లు ఉన్నాయి!

ఒక లెక్క వేద్దాం. రవ్వు చేప తన బరువులో ప్రతి కిలోకు ఇంచుమించు రెండు లక్షల గుడ్లు పెడుతుంది. రెండు కిలోల చేపలో నాలుగు లక్షలు. పక్షులు, కప్పలు, పురుగులు, పెద్ద చేపలు తినగా వెయ్యికి ఒక్కటే మిగిలిందనుకోండి. అయినా 400 చేపలు! ఆ తల్లిని ఆరుద్రలో పట్టినవారు ఒక పూట కూరకోసం 400 చేపలను పోగొట్టుకున్నట్టే కదా?

కొరమట్ట విషయంలో నష్టం ఇంకా స్పష్టం. తల్లీ తండ్రీ రెండూ గూడును కాపలా కాస్తాయి. పిల్లలు గుంపుగా తేలుతుంటే కిందనే తిరుగుతుంటాయి. పిల్లల గుంపును చూసి కింద ఉన్న పెద్దవాటిని పడితే కాపలా లేని పిల్లలు ఇతర చేపల పాలవుతాయి.

అలాగని మిరుగం నెలలో వల విసరకపోతే ఇల్లు గడిచేదెట్లా? ఏడాదిలో మంచి ధర పలికేది అప్పుడే. కనుక దారి మధ్యలో వెతకాలి. వల కన్ను పెద్దదైతే చిన్న చేపలు తప్పించుకుంటాయి. జలాశయంలో పెరిగిన చేపలను మిరుగానికి పట్టుకుని, ఎర్రనీరు దిగాక వాగు దారిని వదిలేయవచ్చు. పెద్ద జలాశయాలలో గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపాలనే నియమం ఇందుకే పుట్టింది. మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు చంపడాన్ని 1897 నాటి చట్టమే నిషేధించింది. ఆ పని చేస్తే పెద్దా చిన్నా తేడా లేకుండా అన్నీ చస్తాయి.

చేప ఎక్కలేని గోడ

కుంటాల జలపాతం ఎత్తు సుమారు 45 మీటర్లు. ఏ చేపా దాన్ని ఎక్కలేదు. ఆనకట్ట కూడా చేపకు అటువంటిదే. పొలాలకు నీరిచ్చే ఆనకట్ట కింద ఉన్న చేపకు పైదారి మూసుకుపోతుంది. మరి చేపపిల్లలు ఎలా?

దీనికి జవాబు 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో దొరికింది. హీరాలాల్ చౌధురి, ఆయన సహచరుడు అలికున్హి ఇతర చేపల పీయూష గ్రంథుల నుంచి తీసిన రసాన్ని తల్లిచేపలకు సూదిమందుగా ఇచ్చారు. వరద రాకుండానే అవి గుడ్లు పెట్టాయి! వాన ఇచ్చే కబురును శాస్త్రజ్ఞులు సూదితో ఇచ్చారన్నమాట. నేటి చేపపిల్లల కేంద్రాలకు మూలం ఇదే. 2016 నుంచి తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా వదలడం మొదలుపెట్టిన చేపపిల్లలు కూడా ఇలాంటి కేంద్రాలలో పుట్టినవే. జూలై 10ని మన దేశంలో చేపల రైతుల దినంగా జరుపుతున్నారు.

అయితే కేంద్రాలలో పెంచేది కొన్ని జాతులనే. వాగులో బతికే పరకలు, జెల్లలు, వాలుగలు ఇంకెన్నో ఉన్నాయి. వాటికి నేటికీ ఎర్రనీరే సూదిమందు, వాగే పురిటిల్లు.

ఈసారి మిరుగం నాడు మీ ఇంట్లో చేప తెస్తే ఒక పెద్ద పొలుసును కడిగి భూతద్దం కింద చూడండి. చెట్టు మానులో ఉన్నట్టే వలయాలు కనిపిస్తాయి. చేప బాగా పెరిగిన కాలంలో అవి ఎడంగా, పెరగని కాలంలో దగ్గరగా ఉంటాయి. వాటిని చూసి శాస్త్రజ్ఞులు చేప వయసు లెక్కకడతారు. అమ్మే పెద్దాయనను రెండు ప్రశ్నలు అడగండి: "తాతా, ఈ చేప పేరేమిటి? ఇది ఎప్పుడు గుడ్లు పెడుతుంది?" ఆయన చెప్పింది తేదీ వేసి రాసుకోండి. ఏటేటా ఇలా రాస్తే మీ ఊరి నీటి చరిత్ర మీ నోటుపుస్తకంలోనే తయారవుతుంది.