కార్డా.. కోడా?
అభిప్రాయాల సేకరణకు ఏది మేలు?
కొనేముందు దుకాణదారులు తెలుసుకోవాల్సినవి

విజయవాడ: అమ్మవారి దర్శనానికి ఇంద్రకీలాద్రికి వచ్చిన కుటుంబం కొండ దిగగానే ఫోన్‌ తీస్తుంది. మంచి భోజనం ఎక్కడ దొరుకుతుంది, కొండపల్లి బొమ్మలు ఏ దుకాణంలో కొనాలి అని గూగుల్‌ మ్యాప్స్‌లో వెతుకుతుంది. ఒక హోటల్‌ పేరు కింద వందలాది అభిప్రాయాలు కనిపిస్తాయి. ఆ పక్క వీధిలోనే ఏళ్ల తరబడి నడుస్తున్న మెస్‌ పేరు కింద మూడో నాలుగో ఉంటాయి. ఊరికి కొత్తవారు సహజంగానే మొదటిదాని వైపు నడుస్తారు. రెండింటి మధ్య రుచిలో తేడా లేకపోవచ్చు. తేడా ఉన్నదల్లా తిన్నవారిని నాలుగు మాటలు రాయమని అడగడంలోనే.

ఈ అవసరాన్ని గమనించిన ఏజెంట్లు ట్యాప్‌ కార్డులతో దుకాణాల మెట్లెక్కుతున్నారు. ఫోన్‌ తాకిస్తే చాలు, అభిప్రాయాలు వాటంతటవే వచ్చిపడతాయన్నది వారి ప్రచారం. మరోవైపు అదే పని చేసే క్యూఆర్‌ కోడ్‌ ఉచితంగా లభిస్తోంది. ఈ రెండింటిలో ఏది ఎంచుకోవాలన్నది చిన్న వ్యాపారులను వేధిస్తున్న ప్రశ్న.

పనితీరు ఇలా..

క్యూఆర్‌ కోడ్‌ను 1994లో జపాన్‌కు చెందిన డెన్సో సంస్థలో మసాహిరో హారా బృందం రూపొందించింది. వాహన విడిభాగాల లెక్క కోసం పుట్టిన ఈ నలుపు తెలుపు గడుల చతురస్రం నేడు కూరగాయల బండి వరకూ చేరింది. గడులలో ఒక వెబ్‌ చిరునామా దాగి ఉంటుంది. కెమెరా దానిని చదివి సంబంధిత పేజీని తెరుస్తుంది. అత్యధిక రక్షణ స్థాయిలో ముద్రిస్తే దాదాపు 30 శాతం వరకూ చెరిగినా కోడ్‌ పనిచేస్తుంది.

ట్యాప్‌ కార్డులో ఎన్‌ఎఫ్‌సీ అనే చిన్న చిప్‌, సన్నని తీగచుట్ట ఉంటాయి. బ్యాటరీ ఉండదు. ఫోన్‌ను దగ్గరకు తెచ్చినప్పుడు దాని నుంచి వెలువడే 13.56 మెగాహెర్ట్జ్‌ తరంగాల శక్తితోనే చిప్‌ మేల్కొని, తనలోని చిరునామాను అందిస్తుంది. ఇందుకు ఫోన్‌ నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోకి రావాలి. రెండు పద్ధతులూ చేరవేసేది ఒకే చిరునామాను. తేడా దారిలోనే తప్ప గమ్యంలో లేదు.

అందరి ఫోన్లకూ అందేదేది?

తక్కువ ధర ఆండ్రాయిడ్‌ ఫోన్లలో చాలావాటికి ఎన్‌ఎఫ్‌సీ సదుపాయం లేదు. ఉన్నవాటిలోనూ సెట్టింగ్స్‌లో దానిని ఆపి ఉంచినవారు ఎందరో. ఐఫోన్లలో 2018లో వచ్చిన ఎక్స్‌ఎస్‌, ఎక్స్‌ఆర్‌ మోడళ్ల నుంచి మాత్రమే ప్రత్యేక యాప్‌ ఏదీ తెరవకుండా కార్డు తాకించగానే లింకు కనిపిస్తుంది. కెమెరా లేని స్మార్ట్‌ఫోన్‌ మాత్రం అరుదు. పైగా 2016లో యూపీఐ ప్రారంభమైన తర్వాత ‘స్కానర్‌ ఎక్కడుంది?’ అని అడగడం అన్ని వయసుల వారికీ అలవాటైంది. కార్డును తాకించడం ఎలాగో మాత్రం ఇప్పటికీ చాలామందికి చూపించాల్సి వస్తుంది.

మరో చిక్కు లోహంతో. స్టీలు బల్లపైనో, ఇనుప గల్లా పెట్టెపైనో మామూలు ట్యాప్‌ కార్డును అతికిస్తే తరంగాలు దెబ్బతిని పనిచేయదు. అటువంటి చోట లోహంపై వాడేందుకు ప్రత్యేకంగా తయారైన స్టిక్కర్‌ కొనాలి. చెక్క, గాజు, గ్రానైట్‌ బల్లలతో ఈ ఇబ్బంది లేదు. టిఫిన్‌ సెంటర్లలో ఎక్కువగా ఉండేవి స్టీలు బల్లలే కనుక కొనేముందే అక్కడే పెట్టి పరీక్షించడం ఉత్తమం.

అయితే కార్డుకూ తనదైన చోటు ఉంది. వెలుతురు తక్కువగా ఉండే రెస్టారెంట్లు, బిల్లును బల్ల వద్దకే తెచ్చే హోటళ్లు, సెలూన్లు, నగల దుకాణాల్లో సిబ్బంది కార్డును స్వయంగా అందించి అడగవచ్చు. కెమెరా గురిపెట్టే పని తప్పుతుంది. ఖరీదైన ఫోన్లు వాడేవారు ఎక్కువగా వచ్చే చోట ఇది సౌకర్యమే.

డబ్బు కోడ్‌తో గందరగోళం

కోడ్‌కు మన దగ్గర ఒక లోపం ఉంది. గల్లా వద్ద కనిపించే ప్రతి చతురస్రాన్నీ వినియోగదారుడు డబ్బు చెల్లించేదిగానే భావిస్తాడు. అభిప్రాయాల కోడ్‌ను దాని పక్కనే అతికిస్తే ఒకటి బదులు మరొకటి స్కాన్‌ చేసి విసుగు చెందుతాడు. కనుక దీనిని బల్లమీద, బిల్లు వెనుక, లేదా చేతులు కడిగే చోట వేరుగా ఉంచాలి. ‘మా భోజనం ఎలా ఉందో రాయండి.. ఇది డబ్బు చెల్లించే కోడ్‌ కాదు’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో ముద్రించాలి.

ఎంత దూరం నుంచి స్కాన్‌ చేస్తారో అందులో పదోవంతు వెడల్పు ఉండాలన్నది కోడ్‌ ముద్రణలో సాధారణ లెక్క. బల్లమీద 30 సెంటీమీటర్ల దూరానికి 3 సెంటీమీటర్ల కోడ్‌ సరిపోతుంది. గోడపై ఉంచి మీటరున్నర దూరం నుంచి చదవాలంటే 15 సెంటీమీటర్లు కావాలి. కోడ్‌ చుట్టూ తెల్లని ఖాళీ వదలాలి. మెరిసే లామినేషన్‌పై ట్యూబ్‌లైటు పడితే కెమెరా తడబడుతుంది.

అసలు ఖర్చు ఎక్కడ?

గూగుల్‌ బిజినెస్‌ ప్రొఫైల్‌ ఉన్న ప్రతి దుకాణానికీ అభిప్రాయాలు కోరే లింకు, క్యూఆర్‌ కోడ్‌ రెండూ అందులోనే ఉచితంగా లభిస్తాయి. కావాల్సింది ముద్రణ ఖర్చు మాత్రమే. కార్డులతో పాటు ఏటా చందా అడిగే వారి విషయంలో జాగ్రత్త అవసరం. వారు కార్డులో దుకాణం అసలు లింకును కాక, తమ సొంత చిరునామాను నింపి, అక్కడి నుంచి దారి మళ్లించవచ్చు. చందా ఆగిన రోజున కార్డు మూగబోతుంది. కొన్ని రకాల కోడ్‌లతోనూ ఇదే ముప్పు. కొనేముందు ‘ఇందులో ఎవరి లింకు ఉంది? చందా కట్టకపోతే పనిచేస్తుందా?’ అని అడిగి, రాతపూర్వకంగా తీసుకోవాలి.

భద్రత సైతం ముఖ్యమే. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో దుండగులు రాత్రివేళ దుకాణాల చెల్లింపు కోడ్‌లపై తమ కోడ్‌లను అతికించారు. అభిప్రాయాల కోడ్‌పైనా ఇలాగే నకిలీది అతికించి మోసపు పేజీకి మళ్లించవచ్చు. రోజూ దుకాణం తెరవగానే ఒకసారి స్కాన్‌ చేసి చూడాలి. కార్డులోని చిప్‌ను తిరగరాయడానికి వీల్లేకుండా లాక్‌ చేయించాలి. అయితే శాశ్వతంగా లాక్‌ చేసిన తర్వాత లింకును మార్చుకోలేరు కనుక ముందే సరిచూసుకోవాలి. మోసం జరిగితే 1930కు ఫోన్‌ చేయాలి.

మంచిమాటే అడగరాదు

రాస్తే తగ్గింపు ఇస్తామని ఆశ చూపడం, సంతృప్తి చెందిన వారినే ఎంచుకుని అడగడం గూగుల్‌ నిబంధనలకు విరుద్ధం. అలా వచ్చిన అభిప్రాయాలను తొలగించే అవకాశం ఉంది. ఆన్‌లైన్‌ అభిప్రాయాల సేకరణ, ప్రచురణపై భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్‌) కూడా 2022లో ఐఎస్‌ 19000 ప్రమాణాన్ని తెచ్చింది. సిబ్బంది వినియోగదారుడి ఫోన్‌ తీసుకుని తామే చుక్కలు నొక్కడం కూడా తగదు. విమర్శ వస్తే మర్యాదగా బదులివ్వడం చదివేవారిలో నమ్మకం పెంచుతుంది.

ముందుగా ఉచిత కోడ్‌ను ముద్రించి నెల రోజులు వాడి చూడటం చిన్న దుకాణాలకు క్షేమం. అవసరమనిపిస్తే ఒకే ఒక కార్డు, అదీ పైన కోడ్‌ కూడా ముద్రించినది కొని మరో నెల పరీక్షించాలి. ఏ నెలలో ఎన్ని అభిప్రాయాలు వచ్చాయో పుస్తకంలో రాసుకుంటే జవాబు దానంతటదే తేలుతుంది. కార్డైనా కోడైనా దారి చూపేదే. తృప్తిగా చేయి కడుక్కుని లేచిన వ్యక్తిని ‘ఎలా ఉందండీ? వీలైతే రెండు మాటలు రాయండి’ అని అడగాల్సింది మాత్రం యజమానే.